మూడుసార్లు చర్చి అయిన మసీదు

స్పెయిన్‌లోని కోర్దోబా మసీదు గురించి ఎవరు రాసినా ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: 1236లో క్రైస్తవులు దీన్ని చర్చిగా మార్చారు అని. అక్కడితో పని అయిపోయినట్టు, తర్వాతి పేరాలో నారింజ చెట్ల గురించీ టికెట్ల క్యూ గురించీ మొదలుపెడతారు. నా పేచీ ఆ వాక్యంతోనే. ఆ కట్టడాన్ని చర్చిగా మార్చింది ఒక్కసారి కాదు, మూడుసార్లు. 1236లో ఒక రాజు మార్చాడు. 1523లో ఒక బిషప్ మార్చాడు. 2006లో ఆస్తుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒక కాగితం మీద మార్చారు. కట్టడం వైపు నుంచి చూస్తే, యుద్ధం గెలిచి కత్తులతో లోపలికొచ్చిన మొదటివాళ్లే మిగతావాళ్ల కంటే మర్యాదగా నడుచుకున్నారు. ఒక్క ఇటుక కూడా కదలకుండా జరిగిన మూడో మార్పు నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అబ్బాసీలు 750లో, అప్పటిదాకా ముస్లిం సామ్రాజ్యాన్ని ఏలిన ఉమయ్యద్ వంశాన్ని గద్దె దించి ఊచకోత కోసినప్పుడు తప్పించుకున్న కుర్రాడు అబ్దుల్ రహమాన్. ఉత్తర ఆఫ్రికా అంతా దాక్కుంటూ వచ్చి, సముద్రం దాటి, 756కల్లా కోర్దోబాలో గద్దెనెక్కాడు. 785 ప్రాంతంలో ఈ మసీదు మొదలుపెట్టాడు. స్తంభాలు కొత్తగా చెక్కించేంత తీరిక ఉన్నట్టు లేదు. రోమన్ల కాలం నాటివీ, ఆ తర్వాత ఏలిన విసిగోతుల నాటివీ ఎక్కడెక్కడి శిథిలాల నుంచో ఏరి తెచ్చారు. ఒకటి నల్లది, ఒకటి గులాబీ రంగుది, ఇంకొకటి నీలం చారలది. ఏ రెండిటి ఎత్తూ సమానం కాదు. పైగా అన్నీ పొట్టివే. అంత పెద్ద హాలుకి కప్పు వాటి మీద నేరుగా వేస్తే నెత్తికి తగిలేలా ఉంటుంది. అందుకని కమాను మీద ఇంకో కమాను పేర్చి కప్పుని పైకి లేపారు. కింది కమాను గుర్రపు నాడాలా ఉంటుంది, పైది అర్ధవృత్తం. ఎర్ర ఇటుక, తెల్ల రాయి, మళ్లీ ఎర్ర ఇటుక. లోకమంతా ఫొటోల్లో చూసి ముచ్చటపడే ఆ కమానుల వరసలు పొట్టి స్తంభాల తిప్పలు తీర్చడానికి పుట్టినవి. ఇప్పటికీ 850కి పైగా స్తంభాలు నిలిచి ఉన్నాయి.

తర్వాతి రాజులు మూడు విడతల్లో పెంచారు. అందులో రెండో హకమ్ 960లలో పెంచిన భాగం అందరికీ నచ్చుతుంది. మిహ్రాబ్ (నమాజు దిక్కుని చూపే గోడ గూడు) చుట్టూ ఉన్న బంగారు మొజాయిక్ పనికి గాజు ముక్కలనూ, పనివాడినీ కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి పంపాడని అరబ్ చరిత్రకారులు రాశారు. అంటే ఈ మసీదులో అత్యంత పవిత్రమైన గోడకి సింగారం చేసిన చెయ్యి ఒక క్రైస్తవ దేశం నుంచి వచ్చింది. 'అచ్చమైన మసీదు', 'అచ్చమైన చర్చి' అని మాట్లాడేవాళ్లను ముందు ఈ గోడ దగ్గర కాసేపు నిలబెట్టాలి.

నాకు మాత్రం చివరిసారి, 987లో, మంత్రి అల్ మన్సూర్ పెంచిన తూర్పు భాగం దగ్గరే కాలు ఆగింది. కొలతకి అదే పెద్దది, పనికి అదే నాసి. దగ్గరికి వెళ్లి తల ఎత్తి చూస్తే తెలుస్తుంది. అక్కడి కమానుల్లో ఇటుక లేదు, మొత్తం రాయే. ఎరుపు చారలు రంగు పూసి తెచ్చినవి. కొన్నిచోట్ల రంగు పాలిపోయి కింద రాయి బయటపడుతోంది. మన కాంట్రాక్టర్లను ఊరికే ఆడిపోసుకుంటాం గానీ, వెయ్యేళ్ల కిందటే ఈ విద్య ఉంది. స్తంభాల మీద చెక్కినవాళ్లు తమ పేర్లు, గుర్తులు పెట్టుకున్నారు. వాటి అచ్చులు తీసి ఒక పక్కన గోడకి పెట్టారు. ఖలీఫాల పేర్ల కన్నా ఆ పేర్ల దగ్గర నేను ఎక్కువసేపు ఉన్నాను.

ఆ అల్ మన్సూరే 997లో స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న శాంతియాగో దె కొంపోస్తెలా మీద పడి, అక్కడి చర్చి గంటలను ఊడదీయించి, క్రైస్తవ బందీల భుజాల మీద కోర్దోబా దాకా మోయించాడని చరిత్రకారులు చెబుతారు. ఆ గంటలను తిరగేసి మసీదులో దీపాలుగా వేలాడదీశారు. 1236 జూన్ చివర్లో క్రైస్తవ రాజు మూడో ఫెర్నాందో కోర్దోబాను గెలిచాక చేసిన మొదటి పనుల్లో ఒకటి ఆ గంటలను దించి, ఈసారి ముస్లిం బందీల భుజాల మీద శాంతియాగోకి తిప్పి పంపడం. పగ తీరింది. ఊళ్లో ముస్లింలు ఇళ్లూ వాకిళ్లూ వదిలి వెళ్లాల్సి వచ్చింది. మొదటి మార్పు మర్యాదగా జరిగింది అని నేను అంటున్నది కట్టడం గురించే, మనుషుల గురించి కాదు. ఇది మరిచిపోకుండా మిగతాది చదవండి.

కట్టడానికి ఏం చేశారు? శుద్ధి చేశారు, ఒక బలిపీఠం పెట్టారు, ప్రార్థన మొదలుపెట్టారు. అంతే. స్తంభాలు అలాగే ఉన్నాయి, కమానులు అలాగే ఉన్నాయి. కింద దుప్పట్లు పరిచి నమాజు చేసిన హాల్లోనే నిలబడి బలిపూజ విన్నారు. 1263లో రాజు పదో అల్ఫోన్సో ఇచ్చిన ఉత్తర్వు ఒకటి ఉంది. ఊళ్లో మిగిలిన ముస్లిం వడ్రంగులు, తాపీ మేస్త్రీలు ఏటా రెండు రోజులు ఈ చర్చి మరమ్మతుకి పని చేయాలి. వెట్టి అనే అనండి, అది వెట్టే. కానీ దాన్ని ఎలా బాగుచేయాలో తెలిసినవాళ్లు వాళ్లే అని గెలిచినవాళ్లు ఒప్పుకున్నట్టు కూడా. 1371లో పూర్తయిన రాజుల ప్రార్థనా మందిరం అదే హాలు మధ్యలో ఉంది. క్రైస్తవ రాజుల సమాధుల కోసం కట్టింది. గోడల మీద సున్నపు పని చూస్తే గ్రనడా సుల్తాన్ల అంతఃపురంలో ఉన్నట్టే ఉంటుంది. శత్రువు మతం వద్దు గానీ శత్రువు అభిరుచి కావాలి. ఆ కాలపు స్పెయిన్ రాజులందరిదీ ఇదే వరస.

ఇక్కడ ఒక వాదన ఎదురొస్తుంది. కోర్దోబాకి వెళ్లిన ప్రతి ఒక్కరికీ అది ఏదో ఒక రూపంలో వినిపిస్తుంది: 'చర్చి చేశారు కాబట్టే బతికింది, లేకపోతే ఎప్పుడో రాళ్లు ఎత్తుకుపోయేవాళ్లు.' సగం నిజం. ఊరి శివార్లలో మదీనా అజ్జహ్రా అనే ఖలీఫాల నగరం ఉంది. ఎవరూ వాడుకోక, రాళ్ల గని అయిపోయి, మట్టిలో కలిసింది. వాడకంలో ఉన్న కట్టడానికి కప్పు కారితే అడిగే దిక్కు ఉంటుంది. అంతవరకు ఒప్పుకుంటాను.

కానీ సెవియా చూడండి. అక్కడి పెద్ద మసీదునూ 1248లో ఇదే ఫెర్నాందో చర్చిగా మార్చాడు. నూట యాభై ఏళ్లు అందులోనే ప్రార్థనలు జరిగాయి. 1401లో చర్చి పెద్దలు కూర్చుని, పూర్తయ్యాక చూసినవాళ్లు మనకి పిచ్చి పట్టిందనుకునేంత పెద్ద చర్చి కడదాం అనుకున్నారని చెప్పుకుంటారు. మసీదుని పడగొట్టి అంత పనీ చేశారు. మిగిలింది మినార్, నారింజ చెట్ల ఆవరణ. ఆ మినారే హిరాల్దా. లోపల మెట్లు లేవు. గుర్రం మీద ఎక్కడానికి వీలుగా 35 వాలు దారులు పెట్టారు. పైన 1560లలో గంటల అంతస్తు తగిలించారు. అదే ఊళ్లో దానికంటే పాత మసీదు, 829 ప్రాంతంలో కట్టినది, సాల్వదోర్ చర్చిగా కొన్ని వందల ఏళ్లు నిలిచింది, 1671లో దాన్నీ కూల్చేశారు. తొలేదో పెద్ద మసీదుదీ అదే గతి. 1085లో ఊరు స్వాధీనం చేసినప్పుడు మసీదు ముస్లింలకే ఉంటుందని ఆరో అల్ఫోన్సో మాట ఇచ్చాడు. రాజు ఊళ్లో లేని సమయం చూసి రాణీ, ఆర్చిబిషప్ కలిసి దాన్ని ఆక్రమించారని కథ. దాన్నీ 13వ శతాబ్దిలో కూల్చి గోతిక్ చర్చి కట్టారు. స్పెయిన్‌లో చివరి ముస్లిం రాజ్యం గ్రనడా లొంగిపోయేటప్పుడు 1491లో రాసుకున్న ఒప్పందంలోనూ మసీదులు ముట్టుకోం అనే ఉంది. పదేళ్లు కూడా ఆగలేదు.

అంటే చర్చిగా మారడం కట్టడాన్ని కాపాడదు. మారిన తర్వాత దాన్ని ఎవరు ప్రేమించారు, ఎవరు అడ్డం పడ్డారు అన్నది కాపాడుతుంది. కోర్దోబాలో అడ్డం పడినవాళ్లు ఉన్నారు.

1523లో బిషప్ అలోన్సో మన్రీకె, మసీదు నడిబొడ్డున స్తంభాలు పీకించి బాగా ఎత్తైన కెథడ్రల్ (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి) కట్టాలని నిర్ణయించాడు. ఊరి నగర సభ ఒప్పుకోలేదు. గుర్తుంచుకోండి, వీళ్లంతా క్రైస్తవులు. ఆ ఊళ్లో అప్పటికి ముస్లిం అనేవాడు చట్టప్రకారం లేడు. 1502లోనే మతం మారండి, లేదా వెళ్లిపొండి అన్నారు. ఆ క్రైస్తవ నగర సభ దండోరా వేయించింది: రాజు తీర్పు వచ్చేదాకా ఆ కట్టడం మీద గునపం వేసిన మేస్త్రీకైనా వడ్రంగికైనా మరణశిక్ష, ఆస్తి జప్తు. తమ తాతలు ఓడించినవాళ్ల మసీదు చెడిపోకూడదని తమ మేస్త్రీల ప్రాణం తీస్తామన్నారు. బదులుగా బిషప్ వాళ్లని మతం నుంచి వెలివేశాడు. తగవు రాజు ఐదో కార్లోస్ దగ్గరికి వెళ్లింది. ఆయన బిషప్ వైపు తీర్పు ఇచ్చాడు. తర్వాత వచ్చి చూసి, 'ఎక్కడైనా కట్టగలిగేది కట్టారు, ఎక్కడా దొరకనిది పాడు చేశారు' అని బాధపడ్డాడని గైడ్లు చెబుతారు. అన్నాడో లేదో గానీ, అదే మనిషి గ్రనడాలోని అల్ హంబ్రా కోటలో సుల్తాన్ల మహలు పక్కనే తన కోసం ఒక భారీ రాతి మేడ మొదలుపెట్టించాడు. కాబట్టి ఆ కన్నీళ్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

కట్టడం 1607 దాకా సాగింది. ఎర్నాన్ రూయిస్ అనే పేరున్న ముగ్గురు, తాత, కొడుకు, మనవడు, ఒకరి తర్వాత ఒకరు నడిపించారు. మసీదు మినార్‌ని పూర్తిగా కూల్చకుండా దాని చుట్టూ గంటల గోపురం కట్టిందీ మనవడే. పాత మినార్ ఇప్పటికీ ఆ గోపురం పొట్టలో ఉంది.

మేం లోపల ఉన్నప్పుడు, చీకటి స్తంభాల మధ్య నుంచి నడిచి నడిచి ఒక్కసారిగా ఆ తెల్లటి కెథడ్రల్ వెలుతురులోకి వచ్చేసరికి, మా బావమరిది ఆగిపోయాడు.

"ఎంత దారుణం బావా! ఇంత అందమైనదాన్ని మధ్యలో ఇలా కోసి పడేశారేంటి?"

"ముందు పైకి చూడు," అన్నాను.

చూశాడు. చాలాసేపు చూశాడు. "ఏమో బావా, ఇది విడిగా ఇంకెక్కడైనా ఉంటే దీని కోసమే టికెట్ కొని వచ్చేవాళ్లం కదా!"

నిజమే. అదే నా ఇబ్బంది కూడా. రెండో మార్పు తప్పు అని నేను నమ్ముతాను. నగర సభ వైపే నిలబడతాను. కానీ అది చేతకానివాళ్లు చేసిన తప్పు కాదు. ఆ గోపురం, 18వ శతాబ్దిలో మహాగని కలపతో చెక్కిన గాయకబృందం ఆసనాలు, వాటి మీది బొమ్మలు, అన్నీ గొప్ప పనే. ఇప్పుడు దాన్ని తీసేయమంటే నేను ఒప్పుకోను. 1970ల మొదట్లో అలాంటి ప్రతిపాదన నిజంగానే వచ్చింది, ఆ కెథడ్రల్‌ని విప్పి వేరేచోట మళ్లీ కట్టి, మసీదుకి పాత రూపం తేవాలని. కట్టడాల సంరక్షణ తెలిసినవాళ్లు వద్దన్నారు. మంచి పని చేశారు. పీకేసిన స్తంభాలు ఎలాగూ తిరిగి రావు. పదహారో శతాబ్ది చేసిన గాయాన్ని ఇరవయ్యో శతాబ్ది ఇంకో గాయంతో మాన్పుతానంటే ఎలా?

ఇక మూడోది.

స్పెయిన్‌లో 1946 నాటి ఆస్తుల రిజిస్ట్రేషన్ చట్టంలో ఒక వెసులుబాటు ఉండేది. పాత దస్తావేజులు లేకపోయినా, ఇది మాది అని బిషప్ ఒక ధ్రువపత్రం ఇస్తే చాలు, ఆస్తి చర్చి పేర రాయించుకోవచ్చు. ప్రార్థనా స్థలాలు మాత్రం అందులోకి రావు. 1998లో ప్రభుత్వం ఆ మినహాయింపు తీసేసింది. 2015లో చట్టం మళ్లీ మారే లోపు, సుమారు 35 వేల ఆస్తులు అలా చర్చి పేర ఎక్కాయి. చర్చిలు, పొలాలు, ఇళ్లు, ఊరి సత్రాలు. ఆ వరసలోనే 2006లో కోర్దోబా డయోసిస్ (అక్కడి బిషప్ కింది చర్చి పాలన) ఈ కట్టడాన్ని కూడా రాయించుకుంది. అయిన ఖర్చు 30 యూరోలు. అప్పటికి అది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమై రెండు దశాబ్దాలు దాటింది. మరమ్మతులకి ప్రజల పన్నుల సొమ్ము ఖర్చవుతూనే ఉంది. మనకి ఊళ్లో రెండు సెంట్ల స్థలం మ్యుటేషన్ చేయించుకోవాలంటేనే చెప్పులు అరుగుతాయి.

ఊళ్లో చాలామందికి ఈ సంగతి వెంటనే తెలియలేదు. అప్పటికి ఇంకో పని నడుస్తోంది. చేతికిచ్చే కరపత్రాల్లో, టికెట్ల మీద 'మసీదు' అన్న మాట చిన్నదై చిన్నదై మాయమైంది. 2010లో అప్పటి బిషప్ బాహాటంగానే, దీన్ని మసీదు అనడం మానండి, కెథడ్రల్ అనండి అన్నాడు. 2014లో గూగుల్ మ్యాప్స్‌లోనూ కొంతకాలం ఉత్త కెథడ్రల్‌గానే కనిపించింది. జనం గొడవ చేశాక పాత పేరు తిరిగొచ్చింది. లక్షల మంది సంతకాలు పెట్టిన అర్జీ తర్వాత, 2016కి కరపత్రాల్లో కూడా మసీదు మళ్లీ చోటు సంపాదించుకుంది. సంతకాలు పెట్టినవాళ్లలో తమ ఊరిని సగం కథతో చెప్పుకోవడం ఇష్టం లేని కోర్దోబా జనమూ, బయటివాళ్లూ ఉన్నారు.

1236లో ఫెర్నాందోకి ఇది మసీదు అని చెప్పడానికి సిగ్గు లేదు. మసీదుని గెలిచాను అని చాటుకోవడమే ఆయన గొప్ప. 1523లో బిషప్‌కి కూడా తాను ఏం కోస్తున్నాడో తెలుసు. 2006 తర్వాతి కరపత్రానికే, అసలు ఇక్కడ కొద్దికాలం ఏదో జరిగింది, మళ్లీ మామూలైంది అన్నట్టు రాయాల్సిన అవసరం పడింది. అందుకే కోపం.

దీనికి చర్చి వైపు నుంచి వచ్చే సమాధానం తెలుసు: ముందు ఇక్కడ విసిగోతుల సాన్ విసెంతె చర్చి ఉంది, మాది మేం తిరిగి తీసుకున్నాం. 1930లలో నేల తవ్వినప్పుడు దొరికిన పాత మొజాయిక్‌ని గాజు పలక వేసి చూపిస్తారు. అక్కడ నిజంగా ఉన్నది చర్చేనా, వేరే ఏదైనా భవనమా అని పురావస్తు పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. చర్చే అనుకుందాం. అయితే? దాని కింద రోమన్ల గుడి ఉందనుకుంటే, జూపిటర్ పేర రిజిస్ట్రేషన్ చేస్తారా?

ఈ మాట అంటే మనవైపు కొంతమందికి నచ్చదని తెలుసు. మనకీ ఇలాంటి కట్టడాలు ఉన్నాయి. బోధన్‌లో దేవల్ మసీదు ఉంది. గుడి స్తంభాలు, నక్షత్రాకారపు గుడి పునాది, తుగ్లక్‌ల కాలంలో మసీదుగా మారింది. పల్నాడులో చేజెర్ల కపోతేశ్వరాలయం ఉంది. గజపృష్ఠాకారంలో ఉన్న ఆ గర్భగుడి ఒకప్పటి బౌద్ధ చైత్యమని చరిత్రకారులు చెబుతారు. మొదటిదాని గురించి మాట్లాడేవాళ్లు రెండోదాని ఊసెత్తరు, రెండోది తెలిసినవాళ్లు మొదటిదాన్ని దాటేస్తారు. 1947 ఆగస్టు 15న ఏ ప్రార్థనా స్థలం ఎలా ఉంటే అలాగే ఉంచాలని 1991లో, అయోధ్యని మినహాయించి, మన పార్లమెంటు చట్టం చేసింది. ఆ చట్టం మీద ఎన్ని వాదనలున్నా, ఒక తేదీ దగ్గర గీత గీయాలన్న ఆలోచన నాకు సబబే అనిపిస్తుంది. అయితే గీత గీయడం వేరు, గీతకి అవతల జరిగింది చెరిపేయడం వేరు. బోధన్‌లో గుడి సంగతి, చేజెర్లలో చైత్యం సంగతి బోర్డు మీద తెలుగులో స్పష్టంగా రాసిపెట్టడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

మరి కోర్దోబాలో ముస్లింలు నమాజు చేసుకోనివ్వాలా? స్పెయిన్ ముస్లిం సంఘాలు అడిగాయి, చర్చి కాదంది. 2010లో ఆస్ట్రియా నుంచి వచ్చిన కొందరు ముస్లిం యాత్రికులు లోపల నమాజుకి దిగితే కాపలావాళ్లతో తోపులాటై పోలీసు కేసు దాకా వెళ్లింది. తర్వాత కోర్టు వాళ్లను వదిలేసింది. నా మట్టుకు నేను, ఎనిమిది వందల ఏళ్లుగా రోజూ పూజ జరుగుతున్న చోట దాన్ని ఆపమని గానీ, పంచుకోమని గానీ పట్టుబట్టను. నాకు దాని మీద హక్కు లేదు. గ్రనడాలో 2003లో, సాన్ నికొలాస్ చర్చి పక్కనే, అల్ హంబ్రాకి ఎదురుగా కొత్త మసీదు తెరిచారు. వెళ్లాలనుకున్నవాళ్లు అక్కడికి వెళుతున్నారు.

ఇష్టమైన చోటు ఏదంటే నేను కోర్దోబా పేరు చెప్పను. వెల్వా కొండల్లో అల్మొనాస్తెర్ లా రెయాల్ అనే చిన్న ఊరుంది. కొండ మీద పదో శతాబ్దపు బుల్లి మసీదు, తర్వాత చర్చి అయింది. కోట గోడ లోపలే దానికి ఆనుకుని ఎద్దుల పోటీల మైదానం. ఏటా అక్టోబరులో ఊరి జనమే ఇస్లామిక్ సంస్కృతి ఉత్సవాలు చేస్తారు. మసీదు అనే పిలుస్తారు, చర్చి అని కూడా తెలుసు. పోర్చుగల్‌లోని మెర్తోలాలో ఊరి పెద్ద చర్చిలో బలిపీఠం వెనక గోడలో మిహ్రాబ్ ఇప్పటికీ కనిపిస్తుంది. వీటిలో ఏ ఒక్కదాని గురించీ ఎవరూ కొట్టుకోవడం లేదు. ఏటా ఇరవై లక్షల మంది టికెట్ కొనే చోటే కొట్లాట ఉంది. ఆ టికెట్ డబ్బు చర్చి పాలకమండలికి వెళుతుంది.

కోర్దోబా నగర సభ వేసిన నిపుణుల సంఘం ఒకటి, యునెస్కోకి ఒకప్పుడు అధిపతిగా ఉన్న ఫెదెరికో మయోర్ సరగోసా కూడా అందులో సభ్యుడు, 2018లో నివేదిక ఇచ్చింది. ఈ కట్టడానికి చర్చి ఎన్నడూ చట్టబద్ధమైన యజమాని కాదు, వాడుకునే హక్కే ఉంది అని తేల్చింది. నేను అడిగేదీ అంతే. ప్రార్థన వాళ్లే చేసుకోనీ, తాళాలు కూడా వాళ్ల దగ్గరే ఉండనీ. 2006 నాటి రిజిస్ట్రేషన్ రద్దు చేసి, ఆస్తి స్పెయిన్ ప్రజల పేర రాయాలి. అలాగే 1523 నాటి దండోరాని, మరణశిక్ష మాటతో సహా, స్తంభాలు ఆగిపోయి తెల్ల గోడ మొదలయ్యే చోట ఒక ఫలకం మీద వేయించాలి. ఆ ఊరి జనం తమ పూర్వీకుల గురించి గర్వంగా చెప్పుకోవాల్సినవాటిలో నాకైతే అదే పెద్దది.